ఈదమ్మ పెట్టిన పథ్యం

అమరచింత సంతకు వచ్చేవాళ్ళలో సగం మంది సరుకుల కోసం కాదు, ఈదమ్మ ఒడిలో తల పెట్టడానికే వస్తారని ఊళ్ళో నవ్వులాటగా అనేవాళ్ళు. ఈదమ్మ మాత్రం నవ్వేది కాదు. "సగమేంది, ముప్పాతిక" అని దిద్దేది.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ యుద్ధం ఎటు పోతున్నదో గానీ, ఈ పల్లెల్లో రెప్పవెంట్రుకల పోరు మాత్రం తెగేది కాదు. చిన్నప్పటి నుంచి కండ్లకలకలు వచ్చి వచ్చి రెప్పలు లోపలికి ముడుచుకుపోయేవి. వెంట్రుకలు నల్లగుడ్డును గీరుతుంటే మనిషి కన్ను తెరవలేడు, మూయలేడు. గీరగా గీరగా గుడ్డు మీద తెల్లగా పువ్వు లేచేది. పువ్వు లేచిందంటే ఆ కంటి చూపు పోయినట్టే.

ఈదమ్మ చేయి మంచిదే, కాదనలేం. మనిషిని ఒడిలో పడుకోబెట్టుకుని, ముఖం ఎండవైపు తిప్పి, బొటనవేలితో రెప్ప ఎత్తిపట్టి, కాలిముల్లు తీసే చిమటాతో వెంట్రుకను పుటుక్కున పీకేది. ఆమెకు ముఖాలు గుర్తుండవు, రెప్పలే గుర్తు. దారిలో ఎవరైనా పలకరిస్తే తికమకపడి, దగ్గరకు వచ్చి కన్ను చూసి, "ఓ, గోవిందువా!" అనేది.

పీకిన వెంట్రుక రెండు వారాలు తిరక్కుండా మళ్ళీ మొలిచేది. దానికి జవాబు సిద్ధంగా ఉండేది. "వంకాయ తిన్నవ్. పథ్యం తప్పినవ్." తిననివాళ్ళు కూడా ఆ గొంతుకు జడిసి, ఎప్పుడో తినే ఉంటాం అనుకునేవాళ్ళు. ఎదురు చెప్పేది ఒక్కతే, పక్కింటి కూలిమనిషి ఎస్తేరమ్మ.

"దేవుని తోడక్కా, నేను తినలే."

"తినకుంటే గట్లెట్ల మొలుస్తది? నాకు చెప్తున్నవా?"

వనపర్తి దవాఖానలో డాక్టరు రెప్పను కోసి బయటికి మళ్ళిస్తాడని చర్చిలో విని, ఎస్తేరమ్మ ఒకసారి పోతానంది. ఈదమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "రెప్ప కోపిచ్చుకుంటవా? మరి నిద్రల కండ్లెట్ల మూస్తవే?" ఎస్తేరమ్మ భయపడి ఆగిపోయింది. ఆ ఎండాకాలమే ఆమె ఎడమకంట్లో పువ్వు లేచింది. ఆనాడు కూడా ఈదమ్మ పథ్యం గురించే తిట్టింది.

ఆ ఏడు జొన్నకళ్ళాలప్పుడు ఈదమ్మ కుడికన్ను గరగరలాడడం మొదలైంది. పొయ్యి పొగ అంది. ఉల్లిగడ్డ అంది. తెలిస్తే ఇక ఎవరు వస్తారు? అద్దంముక్క పట్టుకుని తనే పీక్కుంది గానీ, నీళ్ళు కారే కంటితో మంచి వెంట్రుకలు నాలుగు పీకి, చెడ్డదాన్ని క్షేమంగా వదిలేసింది.

గుట్టు ఎన్నాళ్ళు దాగుతుంది! ఒక సంతరోజు ఈదమ్మ ఒడిలో ఎస్తేరమ్మ పడుకుని ఉంటే, ఆమె మూతిమీద చుక్కలు రాలాయి.

"ఏందక్కా, వాన పడ్తుందా?" అని, ఒంటికంటితో పైకి చూసి, లేచి కూర్చుంది. "చిమటా ఇటియ్యి. పడుకో."

ఎంతమందికో 'ఏం గాదు, కదలకు' అని చెప్పిన ఈదమ్మ ఒక్క వెంట్రుకకు వాడంతా వినబడేలా అరిచింది. "మెల్లగనే! సంపుతవా నన్ను?"

వెంట్రుక వచ్చింది. ఆ రోజు నుంచి ఈదమ్మ పథ్యం చూడాలి! వంకాయ సరే, చింతపండు కూడా ముట్టలేదు. రొట్టె, ఉప్పు, అంతే. పదకొండో నాడు పొద్దున కంట్లో కసుక్కున గుచ్చుకుంది. తడిమి చూసింది. మొలక. మునుపటికన్నా మొండిగా, వాడిగా ఉంది. వంకాయ ఎవరు తిన్నారని తిట్టబోయింది. ఇంట్లో ఉన్నది తానొక్కతే.

గడప దిగింది. నేరుగా పక్కింటికి పోయింది.

"ఎస్తేరూ, నువ్వు తినలే గదా?"

"తినలేదక్కా."

"ఒక్కసారి గూడ?"

"చెప్పిన గదా అప్పుడే."

ఈదమ్మ బోరున ఏడ్చింది. ఎస్తేరమ్మ ఆమెను పట్టుకుని తానూ ఏడ్చింది. తెల్లారి ఇద్దరూ వనపర్తికి బండి ఎక్కారు.

దవాఖానలో కత్తులు, సూదులు చూసేసరికి ఈదమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ముందు ఎవరని డాక్టరు అడిగాడు. ఆమె గబుక్కున ఎస్తేరమ్మను ముందుకు తోసింది. భయంతోనే తోసిందని పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. భయం లేదని చెప్పలేం.

"దీన్ని చూడుండ్రి దొరా," అంది ఈదమ్మ. "నాకు ఇంక రెండున్నయ్. దీనికి మిగిలింది ఒక్కటే. రెండోది నా మాట విని పోగొట్టుకుంది."