మిషను చప్పుడు

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. మనిషిని ఎగాదిగా ఒక్క చూపు చూసి గుడ్డ కత్తిరించేయగలదు. నోరూ అంతే, కత్తెరలా ఆడుతుంది. అలాంటి నోరు ఒక్క సంగతి దగ్గర మాత్రం టక్కున మూతపడేది. కూతురు చిట్టికి ఫిట్స్.

పాత ఇంటి దగ్గర ఆ సంగతి బయటపడ్డాక వాళ్లు పడ్డ అగచాట్లు ఇన్నీ అన్నీ కావు. చిట్టి గుమ్మంలోకి వస్తే పక్కింటావిడ తన పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపేసుకునేది. అంటుకోదని డాక్టరు చెప్పాడు మొర్రో అన్నా ఎవరు వింటారు? "మిగతా పిల్లలు జడుసుకుంటున్నారమ్మా" అని బళ్లో మెత్తమెత్తగా చెప్పి పంపేశారు. సొంత ఆడపడుచే "మా వైపు ఎవరికీ లేదు వదినా ఈ రోగం" అని చేతులు దులుపుకుంది. తలెత్తుకోలేక మొగుడూ పెళ్లాం ఊరికి ఈ చివరికి మకాం మార్చేశారు. కొత్త బడిలో ఒక్క ముక్క చెప్పలేదు. "ఎవరితోనూ అనకు తల్లీ" అని చిట్టికి కూడా నూరిపోశారు.

ఆ సాయంత్రం కొత్త బడి పెద్ద టీచరే, బళ్లో చీర మీద వేసుకునేందుకు కుట్టడానికిచ్చిన కోటు కోసం వచ్చి కూర్చుంది. కోటుకి ఒక చెయ్యి కుట్టేస్తే పని అయిపోతుంది. అంతలో చెక్క అడ్డుగోడ అవతల దబదబమని చప్పుడు. చిట్టి మడమలు గోడకి కొట్టుకుంటున్నాయి. మిషనక్కకి పైప్రాణాలు పైనే పోయాయి.

లేచి పరిగెత్తాలి. పిల్లని పక్కకి తిప్పాలి, దగ్గరే ఉండాలి. డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. కానీ టీచరు చూసిందంటే ఈ బడీ పోయినట్టే. ఛీ, కన్నతల్లికి ఆ క్షణంలో బడి గుర్తొచ్చింది! "ఒక్క కుట్టేనండీ" అంటూ మిషను తొక్కింది. ఇల్లంతా మోగిపోయేలా తొక్కింది.

టీచరు కోటు తొడుక్కోబోయి పకపకా నవ్వింది. "ఇదేం కోటమ్మా? చెయ్యి బయటికొచ్చే దారేది?"

చూస్తే, చేతి అంచు అడ్డంగా కుట్టేసి ఉంది.

"నా బుర్ర మండా! రేపు రండి, సరిచేసిస్తాను" అని మిషనక్క కూడా నవ్వింది. ఎలా నవ్విందో మరి, నవ్వింది.

టీచరు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, అప్పుడు లోపలికి ఉరికింది. చిట్టి నేల మీద ఒరిగిపోయి రొప్పుతోంది. కాళ్ల దగ్గర, అడ్డుగోడ వారగా, గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. సగం చెదిరిపోయాయి. ఫిట్స్ వస్తున్నాయని తెలియగానే పిల్ల అమ్మని పిలవలేదు. చప్పుడు వినపడకుండా పేలికలు కుక్కుకుంది.

మిషనక్క కూతురి తలని ఒళ్లోకి తీసుకుంది. కాసేపటికి చిట్టి కళ్లు తెరిచింది.

"అమ్మా, టీచరుగారికి వినపడిందా?" మాట ముద్దముద్దగా వచ్చింది.

"లేదు తల్లీ."

"హమ్మయ్య. ఈసారి బాగా చేశాను కదమ్మా?"

మిషనక్కకి సిగ్గుతో ఆ పిల్ల మొహం చూసే ధైర్యం కూడా చాలలేదు.