వంకాయరంగు చీర మిల్క్‌షేక్

మా ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచాయంటే ఇక మనుషుల దగ్గర ఏ వాసనా ఉండకూడదు. పురుగు చర్మం విడిచే ముందు మేత మాని, తల ఎత్తుకుని, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. నాలుగోసారి లేచాక దానికి తినడం తప్ప వేరే పని ఉండదు, మాకు ఆకు వేయడం తప్ప వేరే పని ఉండదు. ఆ వారం రోజులు పౌడరు పూసుకోకూడదు, ఊదుబత్తి వెలిగించకూడదు, తిరగమోత వేయకూడదు. షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంటుంది, వాసన తగిలితే పురుగులు మేత ముట్టవని మా అవ్వ నమ్మకం. అవ్వ అంటే నాయన తల్లి. కళ్లు మసకేసినా ముక్కు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఒకసారి హిందూపురంలో బస్సెక్కే ముందు మల్లెపూలు పెట్టుకున్నానని నన్ను గేటు దగ్గరే ఆపి, పూలు గోడ అవతల పారేయించింది. నాది ముక్కు మీద కోపం, ఆవిడది ముక్కుతోనే పెత్తనం. మాకు పడకపోవడంలో వింతేమీ లేదు.

పోయిన ఎండాకాలం చివర, సరిగ్గా అలాంటి వారంలోనే, మా చెల్లెలికి ఫోన్లో ఆ సినిమా దొరికింది.

"ఆ సినిమా" అంటే మా ఇంట్లో ఒక్కటే. మా అమ్మది ధర్మవరం, నేతవాళ్ల ఇంటి పిల్ల. నేను కడుపులో ఉన్నప్పుడు పుట్టింటికి వెళ్తే, నాయన అక్కడికొచ్చి ఆమెను మ్యాట్నీకి తీసుకెళ్లాడు. ఇంటర్వెల్ ముందు హీరోయిన్ వంకాయరంగు పట్టుచీర కట్టుకుని, చేతిలో పెట్టెతో రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది. చీరకు పసుపు అంచు. రైలు వస్తుంది. అవతల నుంచి హీరో పరుగెత్తుకొస్తుంటాడు. అంతలో హాల్లో లైట్లు వెలిగాయి. పురుగులు పండి గూడు కట్టే వేళకు ఇంట్లో అవ్వ ఒక్కతే ఉందని నాయనకు అప్పుడు గుర్తొచ్చింది. "లెయ్, వచ్చే వారం మళ్లా చూద్దాంలే" అని అమ్మను లేపి నేరుగా స్టేషనుకు పోయి తనతో పాటు పెనుకొండ రైలెక్కించాడు. వచ్చే వారానికి హాల్లో ఇంకో సినిమా ఆడుతోంది.

ఆ పిల్ల రైలెక్కిందా లేదా అన్నది మా అమ్మకు నా వయసంత ప్రశ్న. తర్వాత టీవీలో ఎన్నోసార్లు వచ్చింది. ఒకసారి కరెంటు పోయింది, ఒకసారి చుట్టాలొచ్చారు, మిగిలినసార్లు షెడ్డు పిలిచింది. ఎవరైనా చెప్పబోతే రెండు చేతులతో చెవులు మూసుకునేది. "ఎవురూ చెప్పద్దండి. నా కండ్లతో నేనే చూడల్ల" అనేది. నేనూ చెల్లెలూ ఎప్పుడో చూసేశాం. చెప్పకుండా నోరు మూసుకుని ఉండటం ఎంత కష్టమో నాకే తెలుసు. నిజం చెప్పాలంటే అదేమంత గొప్ప ముగింపు కాదు. ఆ సంగతీ చెప్పడానికి లేదు.

"ఈ శనివారం సాయంత్రం టీవీకి కలిపి పెడదాం. అమ్మ ఈసారి చివరి దంకా చూడల్ల. లేచినాదంటే కుర్చీకి కట్టేద్దాం" అంది చెల్లెలు. సినిమా అంటే మిరపకాయ బజ్జీలు ఉండాలన్నాను నేను. బజ్జీ అన్నమాట వినబడగానే అవ్వ దగ్గింది. నూనె పొయ్యి మీద పెట్టకూడదు, పాప్‌కార్న్ కూడా మాడు వాసన కొడుతుంది. అప్పుడు చెల్లెలు ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎక్కడో ఎవరో, చూడబోయే సినిమాకు తగ్గట్టు రంగురంగుల పొరలతో మిల్క్‌షేక్ చేసుకుంటున్నారు. నూనె లేదు, పొగ లేదు. "మనం గూడా సినిమాకు తగినట్ల చేద్దామక్కా" అంది.

మా సినిమాకు తగినదేమిటో ఆలోచించే అవసరమే లేదు. అమ్మ ఏ సినిమానైనా చీరలతోనే గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి ఆ చీరనే గ్లాసులోకి దించాలని తీర్మానించాం. అడుగున పసుపు అంచు, మధ్యలో వంకాయరంగు, పైన మళ్లీ అంచు. జరీ కూడా ఉండాలని చెల్లెలు, బుటాలు కూడా ఉండాలని నేను. ఇద్దరికీ పిచ్చి పట్టింది. చెల్లెలు హిందూపురం నుంచి స్ట్రాబెరీ ఎసెన్స్ సీసా తెప్పించి సంచిలో దాచింది. మూత తీయనే లేదు, అవ్వ సంచి దగ్గరకొచ్చి నిలబడింది. "ఇదేందే? సచ్చిన పండు మాదిరి కొడతాండాది" అని సీసా ఎత్తుకెళ్లి దిబ్బలో పూడ్చేసింది.

అంచు సులువుగానే వచ్చింది. చివరి మామిడిపండ్లు, చిక్కగా మరగబెట్టి చల్లార్చిన పాలు. వంకాయరంగే మా ప్రాణం తోడేసింది. మాకు మల్బరీ తోటలు ఉన్నాయి కానీ పండ్లు ఉండవు, ఆకు కోసం కొమ్మలు నరుకుతూనే ఉంటాం. గట్టు మీద నరకకుండా వదిలేసిన పాత చెట్టొకటి ఉంటే, ఇద్దరం కొంగుల నిండా నల్లటి పండ్లు రాల్చుకొచ్చాం. చేతులు, మోచేతులు, చెల్లెలి చెవి కూడా ఊదారంగయ్యాయి. ఇంత రంగు ఉంది కదా అని మురిసిపోయి పాలల్లో వేసి మిక్సీ తిప్పాం. మూత తీస్తే లోపల బూడిదరంగు.

నాయన తొంగిచూసి, "ఏమప్పా, గోడకు కొట్టేదానికా ఇది?" అన్నాడు.

నాకు కోపమొచ్చి బీట్‌రూట్ ఉడికించి పిండాను. ఈసారి రోజారంగు. చెల్లెలు ఇంకొంచెం మల్బరీ పోసింది, నేను ఇంకొంచెం బీట్‌రూట్ పోశాను. "నీవల్లే చెడింది" అని ఆమె, "నీ మొహం" అని నేను. ఆకు బుట్ట దించడానికి వచ్చిన అమ్మ గిన్నెలోకి చూసింది. "ఎవురికే ఇది?" అంది. దాచి లాభం లేక, వంకాయరంగు కోసం పాట్లు పడుతున్నామని చెప్పాను. "ఇది వంకాయ రంగు గాదు, వంకాయ కూర రంగు" అని, ఎందుకో ఏమిటో అడక్కుండా నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆ మాటకు చెల్లెలు నేల మీద కూర్చుని మరీ నవ్వింది. నాకూ ఆగలేదు. నవ్వుతూనే ఈసారి పాలు తగ్గించి, రెండు రసాలూ చిక్కగా మరిగించి పోశాం. రంగు వచ్చింది! నిగనిగలాడే, నల్లగా మెరిసే, అచ్చమైన వంకాయ! ఇద్దరం వంటింట్లో గంతులేశాం. అవ్వ "పురుగులు బెదురుతాయి, గమ్మునుండండే" అని అరిచింది.

గిన్నెల్లో పోసి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, మళ్లీ మిక్సీలో తిప్పితే పొరలు కలవకుండా నిలిచాయి. గ్లాసు లోపలి గోడకు తేనెతో సన్నటి గీతలు గీశాం, అది జరీ. నానబెట్టిన సబ్జా గింజలు అక్కడక్కడ అంటించాం, అవి బుటాలు. ఏలకులు లేవు, ఎసెన్స్ లేదు, చల్లదనానికి మామిడి వాసన కూడా అణిగిపోయింది. అంత వాసన లేని మిల్క్‌షేక్ లోకంలో ఇంకెక్కడా చేసి ఉండరు.

సాయంత్రం మేత తొందరగా వేసి అమ్మ కాళ్లు కడుక్కుని వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. టీవీ ఎదురుగా మధ్యలో కూర్చుంది. ఆ రోజు ఆమె మొహం చూస్తే నాకు నవ్వొచ్చింది. షెడ్డు కాపలాకు అవ్వ తనంతట తానే వెళ్లింది. మొదటి సగమంతా అమ్మ చీరలు గుర్తుపడుతూనే ఉంది. "ఇదిగో ఇప్పుడు చిలకపచ్చ వస్తాది చూడు" అంటే చిలకపచ్చే వచ్చేది. ప్లాట్‌ఫారం వచ్చింది, రైలు వచ్చింది, తెర మీద విశ్రాంతి అని పడింది. నేను పళ్లెంలో గ్లాసులు పెట్టుకుని పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాను.

అమ్మ గ్లాసును దీపం వైపు ఎత్తి తిప్పి చూసింది. గుర్తుపట్టింది. తర్వాత, "చీర బాగుండాది. రైక యాడ?" అంది. నాయనకు పొలమారింది.

ఒక్క గుక్క తాగిందో లేదో, షెడ్డులోంచి అవ్వ కేక వేసింది. "పండినాయే! తెల్లారేదంకా ఆగవు, రాండి!"

రేపు పండాల్సిన పురుగులు. పండిన పురుగు మేత వదిలి, ఒళ్లు అద్దంలా అయి, గూడు కట్టుకోవడానికి చోటు వెతుకుతుంది. అప్పటికప్పుడు ఏరి చంద్రికల మీద, అంటే గూళ్లు కట్టే వెదురు తట్టల మీద, వేయకపోతే పట్టంతా అక్కడా ఇక్కడా పాడైపోతుంది. అమ్మ గ్లాసు కింద పెట్టి లేచింది. నాకు పురుగుల మీద, అవ్వ మీద, తెర మీద ఆగిపోయిన రైలు మీద కూడా ఒళ్లు మండింది.

"నువ్వు కూకో మా. మేం ఏరుతాం" అన్నాను.

"మీరు ఏరితే పచ్చివి గూడా ఏరేస్తారు. ఇన్నేండ్లు ఆగింటిని, ఇంగో నాలుగు దినాలు ఆగలేనా" అంది అమ్మ.

అప్పుడు నాయన వెళ్లి టీవీ వెనక వైర్లు పీకాడు. టీవీని చంకన పెట్టుకుని షెడ్డు వైపు నడిచాడు. "వైరు బోర్డు తేపో పాపా" అన్నాడు చెల్లెలితో. మేము ఊరేగింపుగా బయల్దేరాం. ముందు టీవీ, వెనక వైరు, ఆ వెనక గ్లాసుల పళ్లెంతో నేను. షెడ్డు గుమ్మంలో అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. టీవీని వాసన చూసింది. నాయనను వాసన చూసింది. తర్వాత ఒక్కొక్క గ్లాసు దగ్గరకు ముక్కు తెచ్చి పీల్చింది.

"ఏమీ లేదు. అయినా లోపలికి వద్దు, ఈడనే తాగేసి రాండి" అంది. తనూ ఒక గ్లాసు అందుకుని గటగటా తాగేసింది.

గుమ్మంలో నిలబడి అందరం ఒకేసారి ఎత్తి తాగాం. అందరి పెదవి మీదా వంకాయరంగు మీసం. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, నవ్వు ఆపుకుంటూ చేతులూ కాళ్లూ కడుక్కుని లోపలికి వెళ్లాం. టీవీని ఖాళీ స్టాండు మీద నిలబెట్టి, శబ్దం తగ్గించి, రెండో సగం పెట్టాం. అమ్మ చేతులు పండిన పురుగుల్ని ఏరుతున్నాయి, కళ్లు తెర మీద ఉన్నాయి. మేము ఏరినవాటిలో పచ్చివి ఉన్నాయని అవ్వ తిడుతూనే ఉంది.

రైలు కదిలే లోపల హీరో వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేశాడు. ఆ తర్వాత ఒక పాట, ఒక కొట్లాట, తప్పు తెలుసుకున్న మేనమామ, పెళ్లి. అందరూ వరసగా నిలబడి నవ్వారు. శుభం.

మేమందరం అమ్మ వైపు తిరిగాం. "ఎట్లుండాది మా?" అన్నాను.

"ఏం, బాగనే ఉండాది" అంది. ఆ గొంతు విని నా ప్రాణం ఉసూరుమంది. ఇంత చేసింది ఇందుకా అనిపించి, "సరిగా చెప్పు మా" అని గట్టిగానే అన్నాను.

అమ్మ చేతిలోని పురుగును చంద్రిక మీద పెట్టింది. "ఆ పిల్ల రైలెక్కినాది గదా అనుకుంటా ఉంటి. ఆ పొద్దు ఇంటర్వెల్‌లో నేను వచ్చేస్తిని. అయ్యో, పెట్టె పట్టుకుని ఆడనే ఉండాదే అని నాకు ఏడుపొచ్చె. మన రైలెక్కి చూస్తే ఎదురుసీటు ఖాళీ. ఆ పిల్ల వచ్చి దాంట్లో కూకున్యాది అనుకుంటి. సినిమాకని మా అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం ఇద్దరం తింటిమి."

"తర్వాత?" అంది చెల్లెలు.

"పెనుకొండలో నేను దిగితి. ఆ పిల్ల దిగలా. ఆకు కోసేటప్పుడంతా, ఇప్పుడు యాడుండాదో అని చూసుకుంటా ఉంటా. హిందూపురం దాటినాది, బెంగళూరు పాయ. సముద్రం గూడా చూసినాది. నేను చూడలా, ఆ పిల్ల చూసినాది. వీళ్లేమో చెయ్యి పట్టి దించి, ఇంట్లో కూకోబెట్టిరి." అమ్మ నవ్వింది. మీసం ఇంకా అలాగే ఉంది. "నాదే బాగుండాది."

మేం నవ్వాం. నవ్వుతుంటే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి నవ్వువల్ల వచ్చినవి మాత్రమే కావు.

నాయన నవ్వలేదు. చాలాసేపు ఒకే పురుగును చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "ఆ రైల్లో నేను యాడుంటిని?" అన్నాడు.

"నువ్వా? పక్కనే ఉంటివి. నిద్రపోతాంటివి."

అవ్వ పకపకా నవ్వింది. నాయన ఆ పురుగును చంద్రిక మీద పెట్టి, టీవీ కట్టేసి, వచ్చి అమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు మేలుకోనే ఉండా. పెనుకొండ దాటినాక ఏమాయనో చెప్పు" అన్నాడు.