దొరకీ మాకూ ఒకటే ఇంటిపేరు

“శుక్రవారం ఆ దొరని భోజనానికి పిలిచానే. ఎంతైనా మన దాయాది.”

“దాయాదికి మన కారం పడుద్దంటారా?”

“తగ్గించి వండు, పోయేదేముంది.”

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలివే. ఈ అరబ్బు దేశంలో, అబ్బాసియాలో మా గది మెట్లు దిగుతూ అన్నారు. మధ్యాహ్నానికి మిర్కాబ్‌లో, ఆపిన కారులోనే గుండె ఆగిపోయింది.

మాది కోనసీమ. మా మామగారి తాత కాలవ లాకుల దగ్గర ఒక ఇంగ్లీషు దొరకి వంట చేసేవాడు. ఫలానా దొర వంటాయన అని పిలిచి పిలిచి, చివరికి ఆ దొర పేరే మాకు ఇంటిపేరై కూర్చుంది. అదేమిటో ఇక్కడ రాయించను. సంబంధాలప్పుడు “మీరు కిరస్తానీలా?” అని అడిగించుకున్నది చాలు.

మా ఆయన డ్రైవరుగా చేసిన ఆఫీసులో అదే పేరుతో ఒక ముసలి దొర ఉన్నాడు. వాళ్ల దేశంలోనూ ఆ పేరువాళ్లు అరుదేనట. అదొక చిన్న ఊరి పేరట. ఊరు సముద్రంలో కలిసిపోతే, బయటపడ్డవాళ్లకి పేరు మిగిలిందట. ఊరి పేరు ఇంటిపేరవడం మనకీ ఉన్నదేగా. అది విన్నాక మా ఆయనకి దొర పరాయివాడు కాడు. ఇంటిపేరు ఒకటైతే దాయాదే, అంతే.

శవాన్ని విమానంలో పంపారు. ఊళ్లో మరిది తలకొరివి పెట్టాడు. ఇక్కడుండే నా పర్మిట్టు, ఇఖామా, కొత్త యజమాని కఫీల్ కిందకి మారుతోంది; అది తేలేదాకా దేశం దాటనివ్వరు, వెళ్లలేకపోయాను. పదోరోజు దగ్గరపడేకొద్దీ కాలు ఒకచోట నిలవలేదు. నా కళ్లముందు ఆ ఇంటిపేరు మనిషి ఆయనకి నీళ్లు వదలాలి. ఇక్కడున్నది దొర ఒక్కడే. ఇక్కడే నాతో ఉండే మేనకోడలి చేత ఫోన్ చేయించాను. వస్తానన్నాడు.

మరిదికి తెలిసి ఫోన్‌లో మండిపడ్డాడు. “మతి పోయిందా వదినా? ఆడి గోత్రమేంటి, మన గోత్రమేంటి?”

“గోత్రం సంగతి నాకు తెలీదయ్యా. నువ్విక్కడ లేవుగా.”

కబ్ద్‌లో మా ఊరాయన పనిచేసే తోటలో, నీళ్ల తొట్టి దగ్గర చేశాం. దొర బూట్లు విప్పి వచ్చాడు. దోసిట్లో నువ్వులూ నీళ్లూ పోస్తే, ఏమనాలని అడిగాడు. మేనకోడలు చెప్పింది: “మా మావయ్య పేరు, దాని ముందు మీ ఇంటిపేరు.” అన్నాడు. కానీ అనకముందే సగం నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి.

ఆ నీళ్లు ఆయనకి అందాయో లేదో. పంతులుగారినడిగితే నవ్వుతారు. చెప్పుకుంటే తేలికవుతుందని మేనకోడలి చేత ఇదంతా రాయిస్తున్నాను. కాలేదు.

అమ్మడూ, దొర బూట్లు విప్పిన కాడ నుంచి చదువు. మెల్లగా చదువు, నేను వింటాను.