మా అమ్మాయికి సైగలు నేర్పింది నేను కాదు

మొన్న మా మనవరాలి మొదటి పుట్టినరోజున, పాప వేలు పైకెత్తి గిరగిరా తిప్పింది. మా అమ్మాయి వెంటనే ఎత్తుకుని, "ఇది మా నాన్న సైగ. నాకు మాటలు రాకముందే నేర్పారు" అని వచ్చినవాళ్లకు గర్వంగా చెప్పింది. అందరూ నావైపు చూశారు. నేను కేకు తింటూ కూర్చున్నాను. ఆ అబద్ధం నాదే, చెప్పి చెప్పి నున్నగా అరగదీసినది. ఇంక చాలు.

తొంభైల్లో మేం ఉక్కు ప్లాంటు కాలనీ రుఆబాంధాలో, ఓ క్వార్టర్లో ఉండేవాళ్లం. నేను ప్లాంటులో క్రేన్ ఆపరేటర్ని. ఆ మోతలో మాట వినబడదు కనుక కింద బరువులు కట్టే కూలీ, ఖలాసీ, చేసే చేతి సైగలు చూసి బరువులు ఎత్తేవాణ్ణి, దించేవాణ్ణి. అదే ఊళ్లో క్యాంప్ 2 బస్తీలో ఉండే మా మావగారూ ఖలాసీయే. చెవులు ప్లాంటుకి అప్పగించాక ఆయనతో ఇంటిల్లిపాదీ ఆ సైగలతోనే మాట్లాడేవారు. అలా పెరిగిన మా ఆవిడ, మా అమ్మాయికి ఎనిమిదో నెల రాగానే పాఠం మొదలుపెట్టింది. వేలు తిప్పితే ఎత్తుకోవాలి, పిడికిలి మూసి తెరిస్తే పాలు, రెండు వేళ్లతో ఎక్కడ తట్టుకుంటే అక్కడ నొప్పి. ఉప్మా వద్దనుకుంటే పాప రెండు చేతులూ అడ్డంగా చాచేది. మా ఖలాసీలు కూడా అంత కచ్చితంగా క్రేన్ ఆపించేవారు కాదు.

"ఏటే, పిల్లని మూగిదాన్ని సేసేస్తావేటి?" అంది మా అమ్మ.

"మూగైతే నేను సూసుకుంటాను అత్తా. మాటొచ్చేదాకా ఆకలేస్తే ఏడుస్తూ కూకోవాలేటి?" అంది మా ఆవిడ.

ఏడాదిన్నర దాటినా పాప మాట్లాడలేదు. నా భయానికి మొండితనం తోడై ఇంట్లో సైగలు బందు చేయించాను. ఆ వానాకాలం మా ఆవిడ, జ్వరంగా ఉన్న తండ్రిని చూడటానికి వెళ్లి రెండు రోజులు ఉండిపోయింది. పాప ఒకటే ఏడుపు. మా అమ్మ వాము నీళ్లు పట్టింది. పాప రెండు వేళ్లతో ఎడమ చెవి తట్టుకుంటూ నన్నే చూసింది. నాకు అర్థమైంది. అయినా ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించేశాను, ఒకసారి కాదు.

మా ఆవిడ గుమ్మంలో అడుగుపెడుతూనే, "సెవండీ! సెవి నొప్పని సెప్తంటే కనబడ్డం లేదేటి?" అని పిల్లని లాక్కుని ఆసుపత్రికి పరిగెత్తింది. అప్పటికే చీము పట్టి కర్ణభేరి చిల్లు పడింది.

రెండేళ్లు నిండేసరికి పాప గలగలా మాట్లాడింది. అదంతా ఆ సైగల చలవేనని అందరూ మెచ్చుకుంటే, అవి నేనే నేర్పానన్నాను. మా ఆవిడ ఒక్కసారి నా మొహంలోకి చూసి, చెవిలో దూది మార్చడానికి పాపని లోపలికి తీసుకెళ్లింది. ఆ చెవి పుట్టుకతోనే మందమని మా అమ్మాయి నేటికీ నమ్ముతోంది.

రేపు ఆదివారం, దానికి బాగా వినబడే కుడి చెవి పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపిస్తాను. ముప్పై ఏళ్లు గడిచినా, ఆ రెండు రోజులు మాత్రం నాకింకా గడవలేదు.