కొలిచి ఇచ్చే థాంక్యూ

అమెరికాలో, చలికి పేరుపడ్డ డులూత్‌ ఊళ్లో నలభయ్యేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన ఈడిత్ హాల్వర్సన్ కృతజ్ఞతను కూడా కొలిచే ఇస్తుంది. తలుపు తెరిచి పట్టుకున్నవాళ్లకి ‘థాంక్స్’, బస్సులో సీటిచ్చినవాళ్లకి ‘థాంక్యూ’, వాకిట్లో మంచు ఎత్తిపోసిన పొరుగాయనకైతే నీలం సిరాతో ఉత్తరం. రోజూ ఉదయం బేకరీలో రై రొట్టె అందుకుని, చేతి తొడుగు తీసి మరీ ‘థాంక్యూ’ అంటుంది. కౌంటర్లో ఉండే బ్రిన్ తలెత్తకుండానే ‘నో ప్రాబ్లమ్’ అంటుంది.

“ప్రాబ్లమ్ ఉందని నేనన్నానా అమ్మాయ్? ‘యూ ఆర్ వెల్కమ్’ అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?”

“అలవాటైపోయింది టీచర్!”

జనవరిలో ఒకనాడు ఆ బేకరీ గుమ్మం ముందే, గడ్డకట్టిన మంచు మీద ఈడిత్ కాలు జారింది. బ్రిన్ కోటైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి, లేవదీసి, లోపల కుర్చీలో కూర్చోబెట్టింది. తుంటి విరిగిందేమోనని ఈడిత్ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంది. అయినా తగిన మాట కోసం వెతికింది. ‘థాంక్యూ’ చాలదు. ‘మీకెంతో రుణపడి ఉన్నాను’ అంటే సంతాపసభలో మాట్లాడినట్టుంటుంది. చివరికి “థాంక్స్” అని మాత్రం అనగలిగింది.

“నో...” అనబోయి బ్రిన్ నాలుక్కరుచుకుంది.

ఈడిత్ ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. “అనెయ్యమ్మా,” అంది. “ఇవాళ ఆ మాట నాకు ఎవరో ఒకరు చెప్పాలి.”