అంబిక చెప్పుకున్న అంబిక

"మీ ఆయన ఎప్పుడు పోయినాడమ్మా?"

ఫోన్లో బసవరాజు ఇలా అడిగేసరికి, అంబిక భర్త మోహన్‌కుమార్ ఆమె ఎదురుగానే కూర్చొని రాగిముద్ద పులుసులో అద్దుకుంటున్నాడు. స్పీకరు ఆన్‌లో ఉంది. అంబిక కళ్లు దించుకొని, "పోయిన నెలప్పా" అంది.

ఫోను పెట్టేశాక మోహన్‌కుమార్ ముద్ద మింగి, "దినాలు బాగా చేసినావా?" అన్నాడు.

మడివాళలో నడిపిన అమ్మాయిల పీజీ హాస్టలును అంబిక అప్పటికే ఖాళీ చేసింది. మూడు లక్షల అడ్వాన్సు మాత్రం బిల్డింగు ఓనరు బసవరాజు దగ్గరే ఉంది. అది వస్తేనే బొమ్మసంద్రలో మెస్సు పెట్టడానికి చూసుకున్న గది చేతికొస్తుంది. అడిగినప్పుడల్లా అతను "పెయింటు కొట్టించాల, ఆగమ్మా" అనేవాడు.

పీజీలో ఉండే సాఫ్ట్‌వేరు అమ్మాయి వర్షిణి వెళ్తూ వెళ్తూ అంబిక ఫోన్లో ఉత్తరాలు రాసిపెట్టే ఏఐ పెట్టిచ్చింది. "ఫస్ట్ మీరెవరో డీటెయిల్‌గా చెప్పండి ఆంటీ. దాన్ని బట్టే రాస్తుంది."

అంబిక ఉన్నదున్నట్టు చెప్పింది. అడ్వాన్సు అడుగుతూ అది రాసిచ్చిన ఉత్తరం కరెంటు బిల్లులా ఉంది. "ఒంటరి ఆడదాన్ని" అని మార్చింది. కాస్త మెత్తబడింది. చివరికి "భర్త పోయినదాన్ని" అంది. ఈసారి ఉత్తరం చదివి తనే ఏడ్చింది. ఏడ్చి, బసవరాజుకు వాట్సాప్‌లో పంపింది. అది చదివే అతను ఫోను చేశాడు.

మొగుడు బతికుండగా అంత మాట అనొచ్చా అని అడిగే పెద్దమనుషులు, ఈ ఊళ్లో నిజం చెప్పి అడ్వాన్సు రాబట్టినవాళ్లను ముందు చూపించాలి. మిగతాది తరవాత మాట్లాడుకోవచ్చు.

తేడా ఆ తరవాతే మొదలైంది. మెస్సుకు సాంబారు కొలతలు అడిగితే, ఏఐ కొలతలన్నీ చెప్పి, "మీ ఒక్కరికే వండుకోవాల్సి వచ్చినా భోజనం మానకండి" అని చేర్చింది. మా ఆయన బతికే ఉన్నాడని అంబిక రాసింది. "పోయిన కొత్తలో అలా అనిపించడం సహజం" అంది అది.

మోహన్‌కుమార్ నవ్వుతూ ఫోను లాక్కున్నాడు. "నేను మోహన్‌కుమార్. అంబిక మొగుణ్ణి. సోఫాలో కూచోనుండా" అని టైపు కొట్టాడు.

"అంబిక గారూ, ఆయన గొంతుతో రాస్తే ఊరటగా ఉంటుందంటే రాయండి. ఆయన రోజూ కూర్చునే చోటు అదేనా?"

మోహన్‌కుమార్ నవ్వు ఆగిపోయింది. సోఫా మీంచి లేచాడు. ఆ మధ్యాహ్నం నుంచి గోడవార చాప మీదే కూర్చుంటున్నాడు. రెండుమూడుసార్లు పిలిస్తే గాని పలకడు. పిలిచినప్పుడల్లా అంబిక కళ్లు ముందు ఖాళీ సోఫా మీదికే పోతున్నాయి.

ఇక నిజం చెప్పడమే మేలని ఇద్దరూ కలిసి బసవరాజు ఇంటికెళ్లారు. పీజీ అగ్రిమెంటు మోహన్‌కుమార్ పేరు మీదే ఉంది, అడ్వాన్సు అతని చేతికే రావాలి. ఉత్తరం రాయించే తొందరలో అంబిక మరిచిపోయింది ఇదే.

బసవరాజు తలుపు సగమే తీసి, ఆమెనొక్కదాన్నే చూశాడు. "డెత్ సర్టిఫికెట్ తెచ్చినావామ్మా?"

"యాడి సర్టిఫికెట్టప్పా! ఈయన ఈడే ఉండాడు గదా. నేనే తప్పు రాసినా."

బసవరాజు మెల్లగా పక్కకు చూశాడు. తలుపును ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "ఆ ఉత్తరం చదివి నా పెండ్లాం అన్నం ముట్టలేదు. పోయినాడని నువ్వే గదమ్మా నోటితో చెప్పినావు? పోయినోడి చేతికి నేను దుడ్డు ఇయ్యను."

"ముట్టుకొని చూడప్పా," అంటూ మోహన్‌కుమార్ చెయ్యి చాపాడు.

తలుపు మూసుకుంది. లోపల గొళ్లెం పడింది.

అది నాటకమో, నిజంగా భయమో అంబికకు ఇప్పటికీ తెలియదు. బొమ్మసంద్ర గది వేరేవాళ్లకు పోయింది. బసవరాజు ఇంకా మూడు లక్షలు ఇవ్వాలి.