ప్రేమమ్మ టీచరుగారి నీలం జట్టు

గుడివాడ పోటీలకు వెళ్లి, ఒక్క బంతి కూడా కొట్టకుండా తిరిగొచ్చింది బందరు ఆడపిల్లల బాల్ బ్యాడ్మింటన్ జట్టు. ఇది 1958 నాటి మాట. ఓడిపోయి వస్తే ఎవరూ అంత బాధపడేవారు కాదు. అసలు కోర్టులోకే రానివ్వలేదు.

బందరులో ఉద్యోగస్తులు కొందరు కలిసి పెట్టుకున్న ఆటల క్లబ్బు ఒకటి ఉండేది. మగవాళ్లు సాయంత్రాలు వాలీబాల్ ఆడుకునేవారు. వాళ్ల పక్కన ఖాళీగా పడి ఉన్న జాగా అడిగి తీసుకుని, తానూ ఆడుతూ ఆడవాళ్ల జట్టును మొదలుపెట్టింది ప్రేమమ్మ. ఆమె ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. బంటుమిల్లి దగ్గర ఒక పల్లెలో తండ్రి చర్చి ఉపదేశిగా ఉండేవాడు. ఆయన పంపితేనే మద్రాసు వెళ్లి డ్రిల్లు చదువు చదివింది. ముప్పయ్యో పడిలో పడుతున్నా పెళ్లి మాట తలపెట్టలేదు. పొద్దున బడి, సాయంత్రం ఆట, ఆదివారం చర్చి, అదీ ఆమె బతుకు.

జట్టు బట్టల సంగతి క్లబ్బు కార్యదర్శి నాగభూషణరావుగారు చూశారు. మంచి మనిషే, కానీ ఏ పనైనా మీదికొచ్చాక గాని ముట్టుకోరు. పోటీలు క్రిస్మస్ సెలవుల్లో అయితే, దసరా వెళ్లాక ఎప్పుడో బెజవాడ దుకాణానికి రాశారు. ప్రయాణం నాటి పొద్దున పార్శిలు స్టేషనుకు వచ్చింది. రైల్లో కూర్చుని విప్పి చూస్తే లోపలున్నవి మగవాళ్ల బనియన్లు, మోకాళ్ల పైకుండే నిక్కర్లు. రైలుపెట్టెలో ఉన్న ఆడపిల్లలందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

గుడివాడలో నిర్వాహకుడు మర్యాదగానే చెప్పాడు.

"జట్టంతా ఒకే రకం దుస్తుల్లో ఉండాలని ముందే తెలియపరిచామండీ. మీకొక్కరికి సడలిస్తే రేపు అందరూ అడుగుతారు. ఏమీ అనుకోకండి."

ఎవరి చీర వాళ్లది, ఎవరి ఓణీ వాళ్లది. రంగురంగులుగా పందిరి కింద కూర్చుని తక్కిన జట్ల ఆట చూశారు. తమకంటే ఏమంత బాగా ఆడినవాళ్లు కూడా కారు. అది ఇంకా కష్టంగా ఉంది.

సాయంత్రం ప్యాసింజరు పెడనలో ఆగినప్పుడు చిలకమ్మ దిగింది. జట్టులో అందరికంటే బలంగా కొట్టేది ఆ పిల్లే. పెడన నేతగాడు పున్నయ్య కూతురు, బందరు హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతోంది, సెలవులకు ఇంటికి వెళుతోంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీ దగ్గరికి వచ్చింది.

"మా నాన్నని ఎంత బతిమాలితే పంపించాడో మీకు తెలుసు కదండీ. ఏమాడావే అనడిగితే ఏం చెప్పమంటారు?"

రైలు కదిలింది.

నాగభూషణరావుగారు గొంతు సవరించుకున్నారు. "తప్పు నాదేనమ్మా. వచ్చే ఏడు ఒక నెల ముందే ఆర్డరిచ్చేద్దాం."

"నెల కాదండీ. రేపే మొదలెడదాం."

"రేపా? మళ్లీ పోటీలు క్రిస్మస్‌కి కదమ్మా."

"కుట్టడానికి నెల చాలండి. వేసుకోనివ్వడానికి చాలదు. ఈసారి బట్టల సంగతి నాకొదిలెయ్యండి."

ఆయనకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. ప్రేమమ్మ మాత్రం రైల్లోనే అంతా ఆలోచించుకుంది. చీర కట్టుకుని ముందుకు ఉరికితే కాళ్లకు అడ్డం పడుతుంది. నిక్కరు వేసుకోమంటే ఏ ఇంట్లోనూ గడప దాటనివ్వరు. ఈ రెంటికీ మధ్య ఏదో ఒకటి కుట్టించాలి. అది కుట్టించడం కంటే, దాన్ని నలుగురి కళ్లకు అలవాటు చెయ్యడం పెద్ద పని.

సంక్రాంతి వెళ్లగానే దర్జీ రత్తయ్య దగ్గర ఒక్క జత, తన కొలతలకే కుట్టించింది. మోకాళ్ల కింది దాకా కుచ్చిళ్ల పావడా, దాని లోపల చీలమండల దాకా పైజమా, పైన కాలరున్న పొడుగు చొక్కా. ఆ బట్టలతో సాయంత్రం బస నుంచి క్లబ్బు దాకా నడిచి వెళ్లింది. రిక్షావాళ్లు తిరిగి చూశారు. కిళ్లీ కొట్టు దగ్గర ఎవడో ఏదో అన్నాడు, పక్కవాళ్లు నవ్వారు. మర్నాడు అవే బట్టలతో చర్చి ముందు నుంచి వెళుతుంటే పాస్టరుగారి భార్య పక్కకు పిలిచి, "ఏంటమ్మా ప్రేమా, ఈ వేషం?" అంది.

"వేషం కాదండీ, ఆట బట్టలు. ఒంట్లో ఏ మూల కనపడుతోందో చూసి చెప్పండి, మార్పిస్తాను."

ఆవిడ నిజంగానే ఎగాదిగా చూసింది. మెడ దగ్గర గుండీ ఒకటి పైకి పెట్టించమని మాత్రం చెప్పింది. ప్రేమమ్మ పెట్టించింది.

రోజూ అదే దారి, అవే బట్టలు. ఎండాకాలం మొదలయ్యేసరికి కిళ్లీ కొట్టు దగ్గర తలెత్తి చూసేవాళ్లే లేకపోయారు. అప్పుడు ఆమె ఒక్కో ఇంటికీ వెళ్లింది. "మీ అమ్మాయి వేసుకోవాల్సింది ఇవేనండీ, రోజూ చూస్తూనే ఉన్నారుగా," అంది. ఒకరిద్దరు గొణిగినా, కాదన్నవాళ్లు లేరు.

గుడ్డ కోసం పెడన వెళ్లేసరికి పున్నయ్య వీధిలో పడుగు సాగదీసి కుంచెతో గంజి పెడుతున్నాడు. వీధి పొడుగునా దారాలు ఎండకు మెరుస్తున్నాయి.

"ముదురు నీలం కావాలి బాబాయ్. పావడాలకీ చొక్కాలకీ ఒకటే రంగు. క్రిస్మస్ నాటికి."

"క్రిస్మస్‌కైతే ఇప్పుడెందుకమ్మా తొందర?" అన్నాడు గాని, పని ఆపి లేచాడు. "అయినా ఒకందుకు మంచిదేలే. వానలు పట్టుకుంటే వీధిలో పడుగు ఎయ్యలేం. ఎండ లేకపోతే గంజి ఆరదు. దసరాలకొచ్చి అడిగుంటే మాత్రం నా వల్లయ్యేది కాదు." చేతికంటిన గంజి తుడుచుకుంటూ అడిగాడు. "మా పిల్ల కూడా ఏసుకోవాలా అయి?"

"దానికోసమే నీ దగ్గరికొచ్చాను. వాళ్ల నాన్న నేసిన గుడ్డయితే వద్దనడుగా?"

పున్నయ్య నవ్వలేదు. "సరేలెండి," అన్నాడు. దారాల మీద కుంచె మళ్లీ నడిచింది.

వానల ముందే నేసిన గుడ్డ తాను తెచ్చాడు. అందరూ కత్తిరింపుకు పంపుదామన్నారు. ప్రేమమ్మ ఒప్పుకోలేదు. ముక్క ఒకటి కోసి, తెల్లగుడ్డతో కలిపి రాత్రంతా నీళ్లలో నానేసింది. పొద్దున చూస్తే తెల్లగుడ్డ నీలం అయింది. నీలం ముక్క కొలిస్తే నాలుగు వేళ్లు కుదించుకుపోయింది. ఆ ముక్కలు పట్టుకుని మళ్లీ పెడన వెళ్లింది.

పున్నయ్యకు కోపం వచ్చింది. "రంగు నేనేశానా అమ్మా? నూలు అద్దకం వాళ్లు ఎట్టాగిస్తే అట్టాగే నేస్తాను."

"నీ నేత మీద నాకు మాట లేదు బాబాయ్. కోర్టులో చెమట పడితే పిల్లల ఒళ్లంతా నీలమైపోతుంది. గుడివాడలో మళ్లీ నలుగురూ నవ్వితే నేను భరించలేను. ఇంకా టైముంది. ఏదో ఒకటి చెయ్యి."

ఆ గుడివాడ మాటకు అతని ముఖం మెత్తబడింది. కూతురు రైలు దిగి ఇంటికొచ్చిన సాయంత్రం అతను మరిచిపోలేదు. ఆ గుడ్డంతా అద్దకం వాళ్ల దగ్గరికి మోసుకుపోయి, మళ్లీ ఉడికించి, రంగు నిలిచేదాకా కాలవలో జాడింపించి తెచ్చాడు. ఈసారి తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. కుదించుకోవలసినదంతా కూడా ముందే కుదించుకుంది.

కొలతలు ప్రేమమ్మే తీసింది. రత్తయ్య టేపు ఇస్తే, పిల్లల చేతికి బ్యాటు ఇచ్చి, పైకెత్తి నిలబడమని అప్పుడు కొలిచింది. ఊరికే నిలబడితే సరిపోయే చొక్కా, బంతి కొట్టేటప్పుడు నడుము పైకి లాగేస్తుందని ఆమె భయం. లోపలి కుట్లలో గుడ్డ ఎక్కువ వదలమంది. చొక్కాల మీద పేర్లు వద్దు, నంబర్లు చాలంది.

నాగభూషణరావుగారు అడిగారు. "పేరుంటే పిల్లలు సంతోషిస్తారు కదమ్మా?"

"ఎవరి పెళ్లి ఎప్పుడు కుదురుతుందో, ఎవరు ఏ ఊరెళ్తారో మనకేం తెలుసండీ? మనిషి మారినా జట్టు నిలబడాలి."

ఆ మారే మనిషి తానే అవుతుందని ఆమె అనుకోలేదు. సెప్టెంబరులో బడివాళ్లు ఆమెను దివిసీమకు, అవనిగడ్డ బడికి బదిలీ చేశారు. ఆగమని అడిగింది. అక్కడ డ్రిల్లు టీచరు లేక ఇబ్బందిగా ఉందన్నారు. పోటీల నిబంధన ప్రకారం బందరులో ఉండేవాళ్లే బందరు జట్టులో ఆడాలి. ఆ సాయంత్రం కోర్టు గీతల మీద తానే చీకటిపడేదాకా సున్నం పోసింది.

వెళ్లే ముందు తన నీలం జత తెచ్చి, తన బదులు ఆడమని టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే జానకికి ఇచ్చింది. జానకి ఒళ్లున్న మనిషి. అది చూసి తడబడింది. "నాకు పట్టవండీ, చూస్తేనే తెలుస్తోందిగా."

"పడతాయి. లోపల గుడ్డుంది, రత్తయ్య విప్పుతాడు. నువ్వు నెట్టు దగ్గర నిలబడటం నేర్చుకో, అది విప్పితే వచ్చేది కాదు."

చిలకమ్మను కెప్టెన్ చేసింది. బట్టల పెట్టె ఆమెకే అప్పగించింది. అవనిగడ్డ నుంచి బందరు రావడమంటే అప్పట్లో ఒక పూట పని. అయినా వీలున్న శనివారమల్లా బస్సు దిగి, దుమ్ము కాళ్లతో నేరుగా కోర్టుకే వచ్చేది. తుపాను వానలు పట్టుకున్న రోజుల్లో మాత్రం రాలేకపోయింది. గుడ్డ ఇంకా మగ్గం మీదే ఉండుంటే ఏమయ్యేదోనని ఆ వానల్లో ఎన్నోసార్లు అనుకుంది.

గుడివాడలో నీలం జట్టు కోర్టులోకి దిగినప్పుడు ఆమె పందిరి కింద, చీర కొంగు నడుముకు దోపుకుని, నిలబడే చూసింది. మొదటి ఆట గెలిచారు. రెండోదీ గెలిచారు. ఫైనల్లో బెజవాడ జట్టు చేతిలో ఆఖరి గేములో ఓడిపోయారు. ఓడిపోయిన పాయింటు జానకిదే. ప్రేమమ్మ వెళ్లి ఆమె బ్యాటు అందుకుంది. "బంతిని చివరిదాకా చూడలేదు నువ్వు," అని మాత్రం అంది. జానకి ఏడవబోయి, ఆ మాటకు ఆగిపోయి, "అవునండీ," అంది.

పున్నయ్య జనం వెనకాల నిలబడి ఉన్నాడు. వస్తానని ఎవరికీ చెప్పలేదు. కూతురి దగ్గరికి వెళ్లి ఆటను గురించి ఏమీ అనలేదు. చొక్కా చెయ్యి పట్టుకుని, చెమటకు తడిసినచోట బొటనవేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు.

తర్వాతి ఫిబ్రవరిలో ప్రేమమ్మ మళ్లీ పెడన వీధిలో కనిపించింది.

"ఎర్రమట్టి రంగు కావాలి బాబాయ్. ఈసారి దివిసీమ పిల్లలకి."

"దివిసీమలో ఆడే పిల్లలున్నారా?"

"ఇంకా లేరు. తయారు చేస్తున్నాను."

పున్నయ్య కుంచె కింద పెట్టాడు. "అంటే మా చిలకమ్మ మీదే ఆడిస్తారా?"

"ఆడిస్తాను. రంగు మాత్రం మొదటిసారే నిలవాలి."

ఆ ఏడు దివిసీమ జట్టు నీలం జట్టు చేతిలో చిత్తుగా ఓడిపోయింది. మరుసటి ఏడూ ఓడింది. మూడో ఏడు గెలిచినప్పుడు, చిలకమ్మ నెట్టు దాటి వచ్చి ప్రేమమ్మ టీచరుగారి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.